చాచిన కాలు కొలవడం: మోకాలి సెన్సర్ పట్టీ ప్రాజెక్టు డైరీ

1వ వారం

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకి వ్యాయామాలు చేయించే గదిలో ఈ వారం మూడు రోజులు ఒక మూల కూర్చుని చూశాను. ఏదైనా తయారుచేసే ముందు అక్కడ ఏం జరుగుతుందో చూసి రమ్మని మా సర్ పంపించారు. ఫిజియో మేడమ్ చేతిలో ఉండేది గోనియోమీటర్ ఒక్కటే, రెండు పొడవాటి ప్లాస్టిక్ చేతులు, మధ్యలో డిగ్రీల గుర్తులున్న చక్రం. చక్రం మధ్యభాగాన్ని మోకాలి బయటి పక్క ఎముక గుబ్బ మీద పెడతారు, ఒక చేయి తుంటి పక్కన తగిలే ఎముక వైపు చూడాలి, ఇంకో చేయి చీలమండ బయటి గుబ్బ వైపు చూడాలి. వాపు ఉన్న కాలికి ఆ గుబ్బలు వేళ్లతో వెతుక్కోవాల్సిందే. ఒకే కాలిని మేడమ్ కొలిస్తే 82 వచ్చింది, పక్కనే ఉన్న ఇంకో ఫిజియో కొలిస్తే 86. ఇందులో ఎవరి తప్పూ లేదు, నాలుగైదు డిగ్రీల తేడా ఈ పనిముట్టుతో మామూలే.

నన్ను ఆలోచనలో పడేసింది తేడా కాదు. ఆ కొలత వారానికి ఒకటో రెండో సార్లు మాత్రమే జరుగుతుంది. మిగతా గంటలన్నీ ఆ మోకాలు ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు.

అందుకే తొడకి ఒక సెన్సర్, పిక్క వైపు ఒక సెన్సర్ పెట్టి, రెండింటి మధ్య కోణం రోజంతా రాసుకునే పట్టీ చెయ్యాలనుకున్నాం. మోకాలు ఎంత వంగాలి అన్నదానికి నేను రాసుకున్న లెక్క ఇది: నడుస్తున్నప్పుడు కాలు గాల్లో ముందుకి ఊగేటప్పుడు దాదాపు 60 డిగ్రీలు వంగితే సరిపోతుంది, మెట్లు ఎక్కాలంటే 80 నుంచి 90 దాకా కావాలి, మామూలు కుర్చీలోంచి తేలిగ్గా లేవాలంటే 90 దాటాలి. మేడమ్ ఈ కాగితం చూసి, "వంగడం గురించి ఇంత రాశావు, చాచడం గురించి ఒక్క లైను కూడా లేదేంటి?" అన్నారు. మోకాలు పూర్తిగా చాచుకోకపోతే ఊరికే నిలబడ్డా తొడ ముందు కండరం బిగబట్టుకునే ఉండాలట, ఆ కాలు కాస్త పొట్టిదైనట్టు అయి నడకలో కుంటు వస్తుందట. కాగితం చివర "చాచడం, 0 డిగ్రీలు" అని రాసి పెట్టుకున్నాను. ఆ సున్నాయే తర్వాత పది వారాలు నన్ను నిద్రపోనివ్వదని అప్పటికి తెలియదు.

2వ వారం

ఎంపీయూ-6050 సెన్సర్లు రెండు, వాటి అంకెలు చదివే ఒక ఈఎస్‌పీ32 బోర్డు, చిన్న లిథియం పాలిమర్ బ్యాటరీ. ఒక్కో సెన్సర్‌లో మూడు అక్షాల యాక్సిలరోమీటర్, మూడు అక్షాల గైరోస్కోప్ ఉంటాయి. రెండూ ఒకే ఐటూసీ లైను మీద పనిచెయ్యాలంటే వాటి అడ్రసులు వేరుగా ఉండాలి, అందుకు రెండో దాని ఏడీ0 పిన్నుకి 3.3 వోల్టులు ఇస్తే అది 0x69 అవుతుంది, మొదటిది 0x68గానే ఉంటుంది. ఇక్కడిదాకా గంట పని.

బల్ల మీద చక్కగా నడిచిన సర్క్యూట్ కాలికి కట్టగానే ఆగిపోవడం మొదలైంది. పది సార్లు మోకాలు వంచితే ఒకసారి డేటా ఠక్కున నిలిచిపోతుంది, మళ్లీ రీసెట్ కొడితేగానీ రాదు. ప్రోగ్రాంలో తప్పుందని రెండు రోజులు వెతికాను. తప్పు తీగలో ఉంది. ఐటూసీ అనేది ఒకే బోర్డు మీద చిప్పుల మధ్య మాట్లాడుకోవడానికి పుట్టిన పద్ధతి, దాన్ని తొడ మీంచి పిక్క దాకా అరమీటరు తీగలో 400 కిలోహెర్ట్జ్ వేగంతో లాగితే సిగ్నల్ అంచులు మొద్దుబారిపోతాయి. వేగం 100 కిలోహెర్ట్జ్‌కి దించాను, డేటా తీగనీ క్లాక్ తీగనీ విడదీసి ఒక్కోదాన్నీ ఒక గ్రౌండ్ తీగతో మెలేశాను, పుల్-అప్ రెసిస్టర్ల విలువ తగ్గించాను. దాంతో చాలావరకు పోయింది. పూర్తిగా పోలేదు, ఎందుకంటే రెండో కారణం టంకం పెట్టిన చోట ఉంది. మోకాలు వంగిన ప్రతిసారీ తీగ అక్కడే వంగి లోపలి పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే ఏడు పోగుల్లో రెండే మిగిలాయి.

ఇప్పుడు సిలికాన్ తొడుగున్న మెత్తటి తీగ వాడుతున్నాను. మోకాలి బయటి పక్క ఒక చిన్న మెలిక వదులుగా వదిలేసి, టంకానికి సెంటీమీటరు అవతల తీగని పెట్టెకి జిగురుతో బిగించాను. రెండు వందల సార్లు వంచి చూశాను, ఒక్కసారి కూడా ఆగలేదు.

3, 4 వారాలు

ఈ రెండు వారాలూ లెక్కలే.

యాక్సిలరోమీటర్ భూమి లాగుడు ఏ వైపు ఉందో చూసి వాలు చెప్తుంది. కదలకుండా ఉంటే అది నమ్మదగ్గది, కాలు విసిరితే నమ్మలేం, ఎందుకంటే విసురుకీ భూమి లాగుడుకీ తేడా దానికి తెలియదు. గైరోస్కోప్ ఎంత వేగంగా తిరుగుతున్నామో చెప్తుంది, ఆ వేగాన్ని కూడుకుంటూ పోతే కోణం వస్తుంది, కానీ దానిలోని చిన్న పొరపాటు కూడా కూడుకుంటూనే పోతుంది. సెకనుకి ఒక్క డిగ్రీ తప్పు చూపిస్తే నిమిషం తిరిగేసరికి 60 డిగ్రీలు తప్పు. కదలని మోకాలు స్క్రీన్ మీద మెల్లగా వంగిపోతూ ఉంటుంది, చూస్తే భయమేస్తుంది.

అందుకని రెండింటినీ కలిపే కాంప్లిమెంటరీ ఫిల్టర్ పెట్టాను: ప్రతి 10 మిల్లీసెకన్లకీ కొత్త కోణంలో 98 శాతం గైరో చెప్పినది, 2 శాతం యాక్సిలరోమీటర్ చెప్పినది. దీని అర్థం ఏంటంటే సుమారు అరసెకను కంటే వేగంగా జరిగే వాటిలో గైరో మాట చెల్లుతుంది, నెమ్మదిగా జరిగే వాటిలో యాక్సిలరోమీటర్ మాట చెల్లుతుంది. 98 అన్న అంకెని ఎక్కడో చూసి కాపీ చేసుకునేవాళ్లు శాంప్లింగ్ వేగం మారితే దాని అర్థం కూడా మారిపోతుందని గుర్తుపెట్టుకోవాలి. సెకనుకి 100 శాంపిళ్లకి బదులు 20 తీసుకుంటే అదే 98 శాతం రెండున్నర సెకన్ల ఫిల్టర్ అయిపోతుంది.

ఇంకో సంగతి. పొద్దున ఆన్ చేయగానే చేసిన కాలిబ్రేషన్, అంటే సున్నా సరిచూసుకోవడం, పట్టీ కాలికి కట్టిన పావుగంటకి పనికిరావడం లేదు. ఒంటి వేడికి చిప్ వేడెక్కుతుంది, వేడెక్కితే గైరో సున్నా జరుగుతుంది. సెన్సర్‌లోనే ఉష్ణోగ్రత కూడా చదవొచ్చు కాబట్టి రెండూ పక్కపక్కన గ్రాఫ్ గీస్తే ఆ జరుగుడు కంటికి కనిపించింది. ఇప్పుడు కాలు రెండు సెకన్లు కదలకుండా ఉన్నప్పుడల్లా ప్రోగ్రాం దానంతట అదే గైరో సున్నాని సరిచేసుకుంటుంది. ఇది నాకు ఎంతో తృప్తినిచ్చిన పని, రోగి ఏ బటనూ నొక్కక్కర్లేదు.

5వ వారం

ఫిల్టర్ బాగుంది అనుకుని మంచం మీద పడుకుని మడమ జరిపే వ్యాయామం చేశాను. కోణం తప్పు చూపించింది. కూర్చుని చేస్తే సరిగ్గానే ఉంది, పడుకుంటే 10 డిగ్రీలు తేడా.

చాలాసేపటికి అర్థమైంది. వెల్లకిలా పడుకుని కాలు వదులుగా వదిలేస్తే పాదం బయటికి వాలిపోతుంది, మొత్తం కాలు తుంటి దగ్గర్నుంచి పక్కకి తిరుగుతుంది. నేను రాసిన లెక్క మోకాలి కీలు ఇరుసు నేలకి సమాంతరంగా ఉంటుందని ఊహించుకుంది. ఆపరేషన్ అయినవాళ్లలో నొప్పికి కాలు అలా వాల్చి పడుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇది పక్కన పెట్టే విషయం కాదు.

దీనికి మంచి దారి ఒకటి ఉంది, థామస్ సీల్, ఆయన సహచరులు 2014లో ప్రచురించారు. మోకాలు దాదాపుగా తలుపు బందులాంటిది, ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. తొడా పిక్కా ఎలా కదిలినా, ఆ ఇరుసు చుట్టూ తిరిగే వేగం తీసేస్తే మిగిలే తిరుగుడు రెండింటిలోనూ ఒకే పరిమాణంలో ఉండాలి. కాబట్టి కాసేపు కాలు అటూ ఇటూ కదిపించి, ఈ నియమం ఎక్కువగా సరిపోయే దిశని కంప్యూటర్‌తో వెతికిస్తే అదే మోకాలి ఇరుసు. సెన్సర్ కాస్త వంకరగా కట్టినా పర్లేదు, అది దాని వంకర అదే తెలుసుకుంటుంది. ఒక చిక్కు వచ్చింది: ఒక సెన్సర్‌లో ఇరుసు కుడివైపు చూపిస్తూ రెండోదానిలో ఎడమవైపు చూపించొచ్చు, నియమం రెండింటికీ సరిపోతుంది. ప్లస్, మైనస్ గుర్తు సరిచూసుకోకపోతే వంచినప్పుడు కోణం తప్పుగా వస్తుంది. నాకు ఒక సాయంత్రం పట్టింది.

6వ వారం

బల్ల మీద రెండు చెక్కముక్కలకి బందు వేసి, పక్కన కోణమానిని అతికించి పరీక్షించాను. 0 నుంచి 120 దాకా ఎక్కడ ఆపినా తేడా ఒక డిగ్రీ లోపలే. చాలా సంతోషమేసింది.

తర్వాత నా కాలికి కట్టుకుని, మోకాలు చాచి కదపకుండా, తొడ కండరం బిగించాను. ఆపరేషన్ తర్వాత మొదటి రోజునుంచీ చేయించే వ్యాయామమే ఇది. మోకాలు అంగుళం కూడా కదల్లేదు, స్క్రీన్ మీద 5 డిగ్రీలు మారింది.

చేత్తో తడిమి చూస్తే తెలిసింది. తొడ ముందు కండరం బిగుసుకోగానే ఉబ్బుతుంది, దాని మీద కూర్చున్న సెన్సర్ పడవలా పైకి లేచి వాలుతుంది. చర్మం కింద ఎముక ఎక్కడుందో సెన్సర్‌కి తెలియదు, అది చర్మం కోణమే చెప్తుంది. నడకలో 60 డిగ్రీల మీద 5 తప్పు పోతే పోయింది, కానీ చాచడం దగ్గర మేడమ్ వెతికేదే ఆ ఐదారు డిగ్రీలు. సరిగ్గా కండరం బిగించిన క్షణంలోనే ఆ తప్పు వస్తోంది.

వారమంతా సెన్సర్ని తొడ చుట్టూ జరుపుతూ ఒక్కో చోట ఇరవైసార్లు బిగించి వదిలాను. అన్నిటికంటే తక్కువ కదలిక తొడ బయటి పక్క, మోకాలికి కాస్త పైన, గట్టి పట్టీలా తగిలే ఐటీ బ్యాండ్ మీద వచ్చింది, అక్కడ ఒకటిన్నర డిగ్రీలు మించలేదు. కింది సెన్సర్‌కి మంచి చోటు ముందే దొరికింది, కాలి ముందు ఎముక లోపలి పక్క చదునుగా ఉంటుంది, అక్కడ చర్మానికీ ఎముకకీ మధ్య కండరమే లేదు. ఆపరేషన్ కోత మోకాలి మధ్యలోంచి నిలువుగా వస్తుంది కాబట్టి పట్టీలు పక్కలకి జరగడం ఆ రకంగానూ మేలే.

7వ వారం

పెట్టె త్రీడీ ప్రింట్ అయింది. చర్మానికి తగిలే వైపు టీపీయూ అనే మెత్తటి రబ్బరులాంటి ప్లాస్టిక్, మూలలన్నీ గుండ్రం. పైన లూప్ బట్ట, వెల్క్రో.

ఈ వారం రాయాల్సింది ఒక్కటే ఉంది, కానీ ముఖ్యమైనది. కింది పట్టీ మోకాలికి సరిగ్గా దిగువన గట్టిగా కట్టి మేడమ్‌కి చూపించాను. ఆవిడ కోణం చూడలేదు, పట్టీ బయటి పక్క వేలు పెట్టి, "ఇక్కడ ఏముందో తెలుసా?" అని అడిగారు. పిక్క బయటి చిన్న ఎముక తలకాయ, దాని మెడ చుట్టూ చర్మానికి కాస్త లోపలే కామన్ పెరోనియల్ నరం తిరుగుతుంది. అక్కడ గంటలకొద్దీ ఒత్తితే పాదం పైకెత్తే శక్తి పోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్ తర్వాత మత్తు ఇంకా పూర్తిగా దిగనివాళ్లకి ఒత్తిడి నొప్పి కూడా తెలియదు. పట్టీ బెత్తెడు కిందికి జరిపాం. ఇకపై ఎవరు కట్టినా ఆ చోటికి పట్టీ రాకుండా ఉండేలా పెట్టె ఆకారమే మార్చాను: పొడవు పెంచి, పట్టీ దూర్చే గాటు కింది అంచున పెట్టాను. బొమ్మ గీసి జాగ్రత్త అని రాస్తే హడావిడిలో ఎవరూ చదవరు.

రిస్కుల పట్టిక, వైద్య పరికరాల రిస్కుల కోసం ఉన్న ఐఎస్ఓ 14971 ప్రమాణం పద్ధతిలో, అదే రోజు మొదలుపెట్టాను. మొదటి వరుస ఆ నరం. రెండోది బ్యాటరీ: ఒంటి మీద ఉండగా చార్జింగ్ పెట్టకూడదు, అందుకే చార్జింగ్ రంధ్రం పట్టీ కిందకి వచ్చేలా పెట్టాను, విప్పితేగానీ కేబుల్ దూరదు.

9వ వారం

ల్యాబ్‌లో 12 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, వాళ్ల అనుమతితో. ఒక్కొక్కరికీ ఐదు భంగిమల్లో మేడమ్ గోనియోమీటర్‌తో కొలిచారు, అదే సమయంలో పట్టీ కొలిచింది. మేడమ్‌కి మా అంకెలు కనిపించకుండా స్క్రీన్ తిప్పేశాం.

కోరిలేషన్ 0.99 వచ్చింది. ఇది చూసి ల్యాబ్‌లో అందరం సంబరపడ్డాం, సర్ మాత్రం ఆ అంకెని రిపోర్టులో మొదట పెట్టొద్దన్నారు. కోరిలేషన్ ఎక్కువుంటే రెండు కొలతలూ కలిసి పెరుగుతున్నాయనే అర్థం, రెండూ ఒకటే చెప్తున్నాయని కాదు. ఒక పట్టీ ప్రతిసారీ 15 డిగ్రీలు ఎక్కువ చూపించినా కోరిలేషన్ 0.99 రావచ్చు. బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు 1986లో లాన్సెట్‌లో చెప్పిన పద్ధతే ఇక్కడ వాడాలి: ప్రతి జతకీ తేడా తీసి, ఆ తేడాల సగటు చూసి, వాటి వ్యాప్తి చూడాలి. మాకు సగటు తేడా 1.5 డిగ్రీలు, తేడాల్లో ఎక్కువభాగం మైనస్ 3.6 నుంచి ప్లస్ 6.6 మధ్య ఉన్నాయి. చెక్కముక్కల మీద ఒక డిగ్రీ లోపల వచ్చింది మనిషి కాలి మీద ఇంత వెడల్పయింది. చిప్ అదే, లెక్క అదే. మధ్యలో చర్మం, పట్టీ, గోనియోమీటర్ పట్టుకున్న చేయి వచ్చి చేరాయి. ఇంతకంటే ఖరీదైన సెన్సర్ కొందామన్న ఆలోచన ఆ రోజుతో వదిలేశాను.

11వ వారం

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. షరతులు స్పష్టంగా ఉన్నాయి: పట్టీ కొలుస్తుంది అంతే, దాని అంకె చూసి చికిత్స మార్చకూడదు, పేర్లు నిల్వ చెయ్యకూడదు, రోగి ఎప్పుడు వద్దంటే అప్పుడు విప్పేయాలి. వ్యాయామం అయ్యాక రెండు గంటలు విశ్రాంతిలో కూడా కట్టి ఉంచడానికి ఒప్పుకున్నారు.

మొదటగా ఒప్పుకున్నది ఒక పెద్దావిడ, ఆపరేషన్ అయ్యి తొమ్మిది రోజులు. పట్టీ కట్టి, ఇరుసు వెతకడానికి కాలు కాసేపు కదిపించి, ప్రోగ్రాం అడిగినట్టే, "కాలు పూర్తిగా చాచండమ్మా" అన్నాను. చాచారు. బటన్ నొక్కాను. స్క్రీన్ మీద సున్నా.

మేడమ్ నా వైపు చూసి మాట్లాడకుండా గోనియోమీటర్ పెట్టారు. 9 డిగ్రీలు. అది ఆవిడ చాచగలిగినంత, అంతకంటే తిన్నగా ఆ కాలు రావడం లేదు. నా ప్రోగ్రాం ఆ 9నీ సున్నా అని రాసుకుంది.

ల్యాబ్‌లో 12 మందితోనూ ఇది బయటపడలేదు, ఎందుకంటే వాళ్లందరి కాళ్లూ పూర్తిగా చాచుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కాలు చాచితే సున్నా అవుతుంది కాబట్టి ఆ భంగిమనే సున్నా అనుకున్నాను. ఎవరి కోసం ఈ పట్టీ చేస్తున్నానో వాళ్ల సమస్యే అది, ఆ సమస్యని మొదటి బటన్‌తోనే తుడిచేస్తున్నాను. ఆ రాత్రి ల్యాబ్‌లో కూర్చుని కాలిబ్రేషన్ స్క్రీన్ మొత్తం తీసేశాను.

ఇప్పుడు పద్ధతి ఇది. పట్టీ కట్టాక మేడమ్ గోనియోమీటర్‌తో కొలిచి ఆ అంకె టైపు చేస్తారు, అదే ఆ సెషన్‌కి ఆధారం. పట్టీ విప్పి మళ్లీ కడితే ఆ ఆధారం చెల్లదు. నేను నా కాలికే పదిసార్లు విప్పి కట్టి చూస్తే సున్నా 4 డిగ్రీల దాకా జరిగింది. కాబట్టి మేడమ్ సరిచేసిన రోజు మాత్రమే అసలు కోణం చూపిస్తాం, వేరే రోజుల్లో "ఈ సెషన్ మొదట్లో ఉన్నదాని కంటే ఎంత మారింది" అన్నది మాత్రమే. గోనియోమీటర్‌కి బదులుగా మొదలుపెట్టిన పట్టీ గోనియోమీటర్ మీదే నిలబడింది. ఇదే సరైనదని నా నమ్మకం.

12వ వారం

అదే పెద్దావిడ, రెండో రికార్డింగ్. వ్యాయామం బాగా చేశారు. మొదటి వెర్షన్‌లో వంచిన కోణం పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, ఆవిడ దాన్నే చూస్తూ పళ్లు బిగించి 78, 80, 81 అని పైకి చదువుకుంటూ వంచారు. 90 వచ్చేదాకా ఆపనన్నారు. మేడమ్ వచ్చి ఆపారు. ఆ సాయంత్రం మోకాలు వాచింది.

నేను వెనక్కి వచ్చి విశ్రాంతి రెండు గంటల డేటా తీశాను. దీన్లో చూడటానికి ఏమీ ఉండదనుకున్నాను, డ్రిఫ్ట్, అంటే కాలు కదలకపోయినా అంకె మెల్లగా జరిగిపోవడం, ఎంతుందో చూద్దామని తెరిచాను. గ్రాఫ్ దాదాపు తిన్నటి గీత, కానీ గీత 28 దగ్గర ఉంది. మొదటి పది నిమిషాలు 11, తర్వాత ఒక్కసారి 28కి ఎక్కి గంటన్నర పైగా అక్కడే. మొదట డ్రిఫ్ట్ అనుకున్నాను. డ్రిఫ్ట్ అయితే మెల్లగా పాకుతుంది, ఇది మెట్టులా ఎక్కింది.

మర్నాడు వెళ్లి అడిగాను. "నిన్న పడుకున్నప్పుడు కాలు ఎలా పెట్టుకున్నారమ్మా?"

"ఎలా పెట్టుకుంటానమ్మాయ్, దిండు పెట్టుకున్నాను" అని మోకాలి కింద చేయి పెట్టి చూపించారు. "అది తీసేస్తే లాగుతుంది, నిద్ర పట్టదు తల్లీ. ఎవరికీ చెప్పకు, మేడమ్ కోప్పడతారు."

మోకాలి కింద దిండు వద్దని అక్కడ ప్రతి రోగికీ మొదటి రోజే చెప్తారు. వంగి ఉంటే కీలులో ఒత్తిడి తగ్గి హాయిగా ఉంటుంది, కానీ గంటల తరబడి అలా ఉంటే వెనక కణజాలం బిగుసుకుని కాలు చాచుకోకుండా పోతుంది. రోజూ అరగంట చాచే వ్యాయామం చేసి, మిగతా రోజంతా దిండు మీద వంచి పెట్టుకుంటే ఆ అరగంట ఎక్కడికి పోతుంది? నేను 11 వారాలు కదులుతున్న కాలిని ఎలా కొలవాలా అని తంటాలు పడ్డాను. జవాబు కదలని కాలిలో ఉంది.

ఆవిడ మాట దాచలేదు, దాచనని ఆవిడకే ముందు చెప్పాను. చికిత్స మార్చడానికి మా అంకె వాడకూడదు కాబట్టి మేడమ్‌కి గ్రాఫ్ చూపించలేదు, ఆవిడే నాతో కలిసి మేడమ్‌కి చెప్పారు. మేడమ్ కోప్పడలేదు. మంచం మీద కూర్చుని, తువ్వాలు చుట్టలా చుట్టి మడమ కింద పెట్టారు, మోకాలు కింద ఖాళీ వదిలేసి. "ఇలా ఐదు నిమిషాలు ఉండండి చాలు, నొప్పి అనిపిస్తే తీసేయండి, గంటకోసారి మళ్లీ పెట్టుకోండి. రాత్రి నొప్పి మాత్ర పడుకునే ముందు వేసుకోండి, నిద్ర పడుతుంది." నిద్ర పట్టకపోవడం గురించి ఆవిడని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నా ఫారంలో ఆ గడి లేదు. ఇప్పుడు ఉంది.

13వ వారం

స్క్రీన్ మార్చాను. పెద్ద అంకె పోయింది. వంచిన కోణం ఫిజియోకి మాత్రమే, లోపలి పేజీలో. రోగికి కనిపించేది ఒక అడ్డ గీత, రెండు గంటల్లో కాలు ఎంతసేపు చాచి ఉంది, ఎంతసేపు వంగి ఉంది, అంతే. ఎరుపు రంగు వాడలేదు. తప్పు చేసినట్టు కనిపిస్తే పట్టీ విప్పి పక్కన పెడతారు, ఇది ఆ పెద్దావిడ మొహంలో చూశాను. స్క్రీన్ మార్పుకి కమిటీకి సవరణ పంపాం, ఒప్పుకున్నారు.

విశ్రాంతిని గుర్తించడం అనుకున్నదానికంటే కష్టం. గైరో 5 సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే విశ్రాంతి అని మొదట రాశాను, కానీ కుర్చీలో కూర్చున్నప్పుడూ కాలు నిశ్శబ్దంగానే ఉంటుంది, 85 డిగ్రీల దగ్గర. అది దిండు కాదు. తొడ సెన్సర్ వాలు, పిక్క సెన్సర్ వాలు విడివిడిగా చూస్తే తెలుస్తుంది: కూర్చుంటే పిక్క నిలువుగా ఉంటుంది, దిండు మీద ఉంటే తొడ పైకి వాలి పిక్క కిందికి వాలి మధ్యలో మోకాలు గుట్టలా నిలబడుతుంది. ఈ తేడాకి వేరే సెన్సర్ అవసరం లేదు, ఉన్న అంకెలే చాలు.

ఇంకోటి కూడా ఇదే డేటాలోంచి వచ్చింది. మడమ కింద తువ్వాలు పెట్టినప్పుడు కాలు దాని బరువుకి అది ఎంతవరకు తిన్నబడుతుందో ఒక అంకె, తర్వాత రోగి తన కండరంతో కాలు చాచి పైకెత్తినప్పుడు ఎంతవరకు తిన్నగా ఉంచగలరో ఇంకో అంకె. మొదటిది 4, రెండోది 12 అయితే కీలు దాదాపు బాగానే ఉంది, కండరమే ఇంకా మేలుకోలేదు, దీన్నే ఎక్స్‌టెన్షన్ లాగ్ అంటారు. రెండూ 12 అయితే కీలే బిగుసుకుంది. రెండింటికీ చెయ్యాల్సిన వ్యాయామాలు వేరు. పట్టీ విప్పకుండా రెండూ కొలిస్తే ఆధారం ఒకటే కాబట్టి ఈ రెండింటి మధ్య తేడా, అసలు కోణం కంటే కూడా నమ్మకంగా వస్తోంది.

14వ వారం

పెద్దావిడ ఇంటికి వెళ్లే ముందు చివరి రికార్డింగ్. మేడమ్ గోనియోమీటర్ 4 చూపించింది. ఇది మా పట్టీ వల్ల అని నేను ఎక్కడా రాయను, ఒక్క మనిషి, పైగా రోజులు గడిస్తే వాపు దానంతట అదే తగ్గుతుంది. విశ్రాంతి గీత చూశాను. రెండు గంటల్లో 20 నిమిషాలు మాత్రమే దిండు మీద.

"ఆ 20 నిమిషాలూ కునుకు పట్టింది తల్లీ" అన్నారు.

మిగిలిన పనులు: తొడ పట్టీ గంట తర్వాత రెండు మూడు సెంటీమీటర్లు కిందికి జారుతోంది, లోపలి వైపు సిలికాన్ గీతలు వేసిన ఎలాస్టిక్ ప్రయత్నించాలి, అయితే చెమట పడితే చర్మం ఎర్రబడుతుందేమో ముందు నా కాలికి ఆరు గంటలు కట్టుకుని చూడాలి. జారినప్పుడు ప్రోగ్రాం దాన్ని గుర్తించి ఆ రోజు ఆధారం చెల్లదని తనే చెప్పాలి, ఇది ఇంకా రాయలేదు. నిద్ర ఎలా పట్టిందన్న ప్రశ్న ఫారంలో మూడో పేజీలో ఉంది, మొదటి పేజీకి తేవాలి. కొత్త ఫర్మ్‌వేర్ ఈ రాత్రికి రెండు పట్టీలకీ ఎక్కించి చార్జింగ్ పెట్టి వెళ్తాను, రేపు పదకొండింటికి మూడో రోగి వస్తున్నారు.